గాజు గొట్టం, గోపి డబ్బా

ముప్పై ఎనిమిదేళ్ళు నౌపడ ఉప్పు మడుల దగ్గర మస్తరు రాశాను. మస్తరంటే పనిలోకి వచ్చినవాళ్ళ హాజరు పుస్తకం. అన్ని పుస్తకాల్లో ఒక్క తప్పు పట్టగలిగిన మొనగాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. పుట్టినా నా రాత వాడికి అర్థం కాదు, అది వేరే సంగతి.

ఈ మాట ఆ పొద్దున మా వసారాలో నిలబడి గట్టిగానే అన్నాను. మామూలు రోజైతే మా ఆవిడ పార్వతీదేవి వంటింట్లోంచి ఏదో ఒక పోటు పొడిచేది. ఆ వేళ కొబ్బరికోరు చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

మనవరాలు అనూరాధ నిన్న సాయంత్రం నుంచి అన్నం ముట్టలేదు. వీధి గదిలో కిందే కూర్చుంది. ఒళ్ళో నా ఆకుపచ్చ అట్ట పుస్తకం, పక్కన విజయనగరం కాలేజీ నుంచి వచ్చిన కాగితం. బయట వాన. శ్రావణం కదా, మడులన్నీ నీళ్ళకింద మునిగిపోయి, ఏది మడో ఏది గట్టో తెలియకుండా ఊరి చివరిదాకా ఒకటే బూడిదరంగు.

"ఏటే, తినవా?" అంది కోడలు ధనలక్ష్మి గుమ్మంలో నిలబడి. అప్పటికది మూడోసారి.

"ఆకల్లేదమ్మా."

"సార్ ఒచ్చి తినిపిస్తాడేటి? ఇల్లు కడగమన్నావు, కడిగినాను. ముగ్గెయ్యమన్నావు, వానలో ముగ్గేటే అన్నా ఇనకుండా ఏయించినావు. నువ్వేమో పరీక్ష తప్పినదాన్లాగ కూకున్నావు."

"ఇంకా తప్పలేదమ్మా. అది మధ్యాహ్నం తెలుస్తాది."

ఆ మాటకి కొబ్బరికోరు ఆగింది.

ఆ కాగితం సంగతి నాకే నాలుగుసార్లు చెప్పించుకుంటే గాని తలకెక్కలేదు కాబట్టి మీకూ ఒకసారి చెబుతాను. అనూరాధ ఎం.టెక్ చదువుతోంది. దాని గైడు సీతారామారావు సారు. ఆయన కింద బీటెక్ ఆఖరేడాది కుర్రాడు గోపి ఒక డబ్బా చేశాడు. దాన్ని మడిలో తేలేస్తే, ఉప్పునీరు ఎంత చిక్కబడిందో గంటగంటకీ ఫోనుకి చెబుతుంది. మడిలో ఎప్పుడు నీరు పెట్టాలో, ఎప్పుడు ఉప్పు తియ్యాలో ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చట. బాగానే ఉంది. కాని డబ్బా నిజం చెబుతోందని ఎవరు చెప్పాలి?

దానికి నేను. రోజుకి రెండుసార్లు మడికెళ్ళి, గాజు గొట్టం నీళ్ళలో నిలబెట్టి, అది ఏ అంకె దగ్గర తేలితే ఆ అంకె ఆకుపచ్చ పుస్తకంలో రాయాలి. నీరు చిక్కబడేకొద్దీ అంకె పెరుగుతుంది. ఫిబ్రవరి నుంచి తొంభై రోజులు.

ఎనభై ఏడు రోజులు నా పుస్తకమూ గోపి డబ్బా ఒకే మాట చెప్పాయి. మార్చిలో ఒక మూడు రోజులు మాత్రం తగువు పడ్డాయి. నా పుస్తకంలో నీరు చిక్కబడుతోంది. డబ్బా పల్చబడిందంటోంది. డబ్బాలోకి నీళ్ళు దూరాయన్నారు సారు. దూరలేదన్నాడు గోపి. "నీళ్ళు దూరిన డబ్బా నాలుగో రోజుకి దానంతటదే ఎలా బాగుపడుతుంది సార్?" అని అందరి ముందూ అడిగాడట. "ముప్పై ఎనిమిదేళ్ళు మడి మీద బతికిన మనిషిని నమ్మాలా, నీ ప్లాస్టిక్ డబ్బానా?" అన్నారట సారు. మాటకి మాట పెరిగింది. గోపి ప్రాజెక్టు తిప్పికొట్టారు. పట్టా చేతికి రాలేదు. ఇప్పుడు పలాసలో వాళ్ళ మేనమామ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరించే పని చూస్తున్నాడు.

అనూరాధ మాత్రం తొంభై రోజుల లెక్కా రాసి, ఆ మూడు రోజులకీ 'పరికర లోపం' అని పేరు పెట్టి పంపింది. బయటి ఊరి నుంచి దాన్ని దిద్దే ప్రొఫెసరు ఒకే ఒక్క ప్రశ్న రాశాడు. ఆ మూడు రోజులూ నౌపడలో వాన పడినట్టు వాన లెక్కలున్నాయి. వాన పడితే నీరు పల్చబడాలి. మరి చేత్తో కొలిచినవాళ్ళకి ఎలా చిక్కబడింది?

అంతే. నిలదీసి అడగలేదు. మర్యాదగానే అడిగాడు. ఆ జవాబు కోసమే సారు పన్నెండు గంటల బండికి మా ఇంటికి వస్తున్నారు. జవాబు సరిపోతే అనూరాధకి పట్టా. పట్టా ఉంటే పార్వతీపురం వైపు ఒక కాలేజీలో లెక్చరరు ఉద్యోగం వచ్చే నెలలో. సరిపోకపోతే ఏమీ లేదు.

"తాతా," అంది అనూరాధ, పుస్తకంలోంచి తలెత్తకుండా. "ఆ మూడు రోజులూ మడి కాడికి ఎల్లినావా?"

"ఎల్లకపోతే అంకెలు ఎలగొస్తాయే?"

"వాన పడిందా?"

"మార్చిలో వానేటి? పడితే ఆళ్ళ వాన గొట్టంలో పడుంటాది. నా మడిలో పడలేదు."

అది పేజీ తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది. ఏమీ అనలేదు. వంటింట్లో కొబ్బరికోరు మళ్ళీ మొదలైంది.

మా కోడలు ఒట్టి అమాయకురాలు. గుమ్మంలోంచే అంది, "పడింది మావా. మీకు గుర్తులేదేటి? బూడిదగుమ్మడి వడియాలు పెట్టినాను మేడ మీద. మూడు రోజులూ ముసురే. అన్నీ బూజట్టిపోతే ఆవుకి పెట్టినాను."

"ఏ నెలో ఏటో," అన్నాను.

"మార్చే. మీకెలగ తెలస్తాది, మీరు ఊళ్ళో లేరు కదా. అత్తా మీరూ శ్రీకూర్మం డోలోత్సవానికి ఎల్లినారు. పిన్నత్త ఇంట్లో ఉండిపోనారు. అనూ కూడా కాలేజీ నుంచి నేరుగా అక్కడికే ఒచ్చింది. మూడు రోజులూ..."

అక్కడ ఆగింది ధనలక్ష్మి. ముందు నన్ను చూసింది. తరవాత కూతుర్ని చూసింది. తరవాత వంటింటి వైపు చూసింది. మా ముగ్గురిలో ఒక్కరం కూడా దాని కళ్ళలోకి చూడలేదు.

"మరి మడి ఎవలు సూసినారు?" అంది మెల్లిగా.

అనూరాధ పుస్తకం మీదికి ఇంకా వంగింది.

"నీకు తెలుసా?" కూతుర్ని అడిగింది.

"తెలుసమ్మా."

"ఎప్పుడి నుంచి?"

"మే నెల్లో. పుస్తకం చూసి కంప్యూటర్లో ఎక్కిస్తన్నప్పుడు. పౌర్ణమి నాడు ఇరవై మూడని ఉంది. ఆ పొద్దున తాతా నేనూ గుడి మెట్ల మీద కూకుని శెనగలు తిన్నాం."

"తెలిసి ఊరుకున్నావా?"

"ఊరుకున్నాను."

"మరి గోపి?"

అనూరాధ పుస్తకం మూసింది.

"ఆ గుంటడు డబ్బా పెట్టడానికి ఒచ్చి పది రోజులు మనింట్లో తిన్నాడే. పిన్నీ, పెరుగెయ్యండి అని అడిగి మరీ తిన్నాడు. ఆడి పేరు పోతంటే నువ్వు ఇలగ కూకుని రాసుకున్నావా?"

"ఏటి సెయ్యమంటావమ్మా? ఆ మూడు రోజులవీ దొంగ అంకెలని సెప్తే మిగతా ఎనభై ఏడూ ఎవడు నమ్ముతాడు? మళ్ళీ మడులు ఎండాలంటే జనవరి. మళ్ళీ తొంభై రోజులు. ఈ ఉద్యోగం అందాకా నాకోసం ఉంటాదా?"

"నన్ను అడుగుతావేటి? నానేటి సదువుకున్నానా?" అంది ధనలక్ష్మి. "నాకు తెలిసింది వడియాలు. తడిసినాయి. అంతే." అని లోపలికి పోయింది.

పోతూ నా వైపు చూసిన చూపు ఉంది చూశారూ, మా అత్తగారు బతికున్న రోజుల్లో కూడా అలాంటిది నేను ఎరగను.

ఇద్దరమే మిగిలాం. నేను కుర్చీ లాక్కుని దాని దగ్గర కూర్చున్నాను. అది దూరంగా జరగలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"ఎందుకు రాసినావు తాతా?" అంది. "ఖాళీగా ఒగ్గీవలసింది. ఊళ్ళో లేనని ఒక్క ముక్క సెప్తే నేను ఎనభై ఏడు రోజులే అని రాసుకుందును. ఎవరూ ఏమీ అనరు. ఖాళీ తప్పు కాదు తాతా."

ఖాళీ తప్పు కాదట. నాకు డెబ్బై ఆరేళ్ళు. ఆ మాట ఎవరూ నాకు ఇంతవరకూ చెప్పలేదు.

ఇప్పుడు రాముడి సంగతి చెప్పాలి. మొదట్లో నా పుస్తకాల్లో ఒక్క తప్పు లేదన్నాను కదా. దాన్ని కొంచెం సవరించుకుంటాను. ఒక్క తప్పు కాదు, బోలెడు.

మా మడుల దగ్గర ఒక పద్ధతి ఉండేది. మస్తర్లో వరసగా మూడు గళ్ళు ఖాళీగా పడ్డాయంటే నాలుగో రోజు ఆ పేరు కొట్టేసేవారు. పేరు కొట్టేస్తే ఆ మడిలో ఆ ఇంటికి ఇంక చోటు లేదు. జ్వరమొచ్చినా అంతే, కానుపొచ్చినా అంతే. అందుకని నేను ఖాళీ వదిలేవాణ్ణి కాదు. రాని వాడికి కూడా వచ్చాడనే గీత పెట్టేవాణ్ణి. మర్నాడు వాడొచ్చి రెట్టింపు పని చేసేవాడు. ఎవరికీ నష్టం లేదు.

రాముడని ఒకడుండేవాడు. మంచి పనివాడు. ఒక ఎండాకాలం పాము కరిచి పోయాడు. వాడి పెళ్ళాం గురమ్మకి చిన్న పిల్లలు. పన్నెండో రోజు అయ్యేదాకా మనిషి గడప దాటకూడదు. అప్పటికి పేరు పోతుంది. అందుకని రాముడు చచ్చిపోయాక కూడా పన్నెండు రోజులు మడిలోకి వచ్చి పని చేశాడు. నా పుస్తకంలో. ఏడో రోజు పెద్ద ఆఫీసరు తనిఖీకి వచ్చి, పుస్తకం చూసి, రాముడెవడు, పిలవండి అన్నాడు. "ఇప్పుడే బయటికెళ్ళాడు బాబూ," అన్నాను. "ఎంతసేపట్లో వస్తాడు?" అన్నాడు. "కొంచెం ఆలస్యమవుతుంది," అన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఏడుపుకో నవ్వుకో ఇప్పటికీ తెలియదు. పదమూడో రోజు గురమ్మ వచ్చి అదే గడిలో నిలబడింది. మనవలు పుట్టేదాకా అక్కడే చేసింది.

కాబట్టి శ్రీకూర్మం నుంచి వచ్చాక ఆకుపచ్చ పుస్తకం తెరిస్తే మూడు రోజుల గళ్ళు, పొద్దునా సాయంత్రం కలిపి ఆరు, తెల్లగా కనపడ్డాయి. నా చెయ్యి ఆగలేదు. ఎండాకాలంలో నీరు రోజుకి ఎంత చిక్కబడుతుందో నాకు తెలియదా? ఇరవై రెండు, ఇరవై రెండున్నర, ఇరవై మూడు. అలా ఆరూ ఎంతో నిదానంగా రాశాను. నాలుగో రోజు నిజంగా వెళ్ళి గొట్టం నిలబెడితే పదహారు వచ్చింది. ఏదో తేడా పడిందని అప్పుడే అర్థమైంది. కాని వెనక్కి వెళ్ళి కొట్టివేతలు పెట్టడం నా పుస్తకంలో లేదు. పక్కన 'కొత్త నీరు పెట్టారు' అని రాసేశాను.

ఇదంతా చెప్పాను దానికి. రాముడి దగ్గర ఒక్క క్షణం పెదవి కదిలింది. 'కొత్త నీరు' దగ్గర మొహం మళ్ళీ మూసుకుపోయింది.

"ఆ ఒక్క ముక్క మూలాన్నే తాతా," అంది. "డబ్బా కూడా నాలుగో రోజు పదహారే సూపించింది. అది వాన మూలాన్నని ఎవరికీ తట్టకుండా నీ కొత్త నీరు అడ్డమొచ్చింది. చూశావా గోపీ, పెద్దాయన ఎంత వివరంగా రాశారో అని సారు ఆ ముక్కే సదివి వినిపించారు."

పన్నెండు దాటి పావుగంటకి ఆటో ఆగింది. సీతారామారావు సారు పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చారు. సన్నటి మనిషి. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళందరికీ ఉండే అలసట ఆయన కళ్ళకింద ఉంది. వసారాలో కాళ్ళు కడుక్కుంటూ నన్ను చూసి నవ్వారు.

"ఎలా ఉన్నారు తిరుమలరావు గారూ? మోకాళ్ళు?"

"నాతోనే ఉన్నాయి బాబూ, ఎక్కడికీ ఎల్లవు. కూకోండి."

ధనలక్ష్మి టీ ఇచ్చి, కూతురి పక్కన కాకుండా గోడవారగా నిలబడింది. పార్వతి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. నేనేమో ఊరుకోకుండా కబుర్లు ఎత్తుకున్నాను. ఒక ఏడు ఎండలకి మా మడిలో నీరు ఎంత చిక్కబడిందంటే, గట్టు మీంచి జారిపడిన ఎద్దు మునగకుండా తేలుకుంటూ అవతలి గట్టెక్కిందని చెప్పాను. మా వాళ్ళందరూ వందసార్లు విన్నదే. సారు ఒక్కరే నవ్వారు. నవ్వడం అయిపోయాక టీ కప్పు కింద పెట్టారు.

"పెద్దాయనా, సంగతి అనూరాధ చెప్పే ఉంటుంది. ఆ ప్రొఫెసరు అడిగిన దాంట్లో పెద్ద విషయం లేదు. వాన లెక్క తీసే చోటు స్టేషన్ దగ్గర. మన మడి అక్కడికి మూడు కిలోమీటర్లు. ఒక వీధిలో వాన పడి పక్క వీధిలో పడని రోజులు మనం చూడలేదా?"

"సూడకేం బాబూ."

"అదే. ఆ మూడు రోజులూ మన మడి మీద వాన లేదని, గొట్టం మీరే స్వయంగా చూశారని మీరు రాసిస్తే చాలు. నేను రాసుకొచ్చాను. కింద సంతకం పెట్టండి." సంచిలోంచి కాగితం తీశారు. "దీంతో అయిపోతుంది. అమ్మాయి ఉద్యోగంలో చేరిపోతుంది. నా పేరూ ఉంది దీని మీద. ఆరేళ్ళ పని."

కాగితం టైపు చేసి ఉంది. నా పేరు ముందు శ్రీ అని కూడా ఉంది. ఆయన కలం మూత తీసి నా చేతిలో పెట్టారు.

నేను అనూరాధ వైపు చూశాను. అది కిటికీలోంచి వాన చూస్తోంది. ధనలక్ష్మి వైపు చూశాను. అది నా చేతినే చూస్తోంది.

అప్పుడు నేను కలం కింద పెట్టాను. లేచి నిలబడ్డాను. "బాబూ," అన్నాను, "ఆ మూడు రోజులూ నాను మడి కాడ లేను. శ్రీకూర్మంలో ఉన్నాను. ఆ అంకెలు ఇంట్లో కూకుని రాసినవి. మీ గోపి డబ్బాలోకి నీళ్ళు దూరలేదు. వాన నిజం. డబ్బా నిజం. నాదే అబద్ధం."

సారు ఆకుపచ్చ పుస్తకం తీసుకుని ఆ పేజీ చాలాసేపు చూశారు. 'కొత్త నీరు పెట్టారు' మీద వేలు పెట్టారు.

"ఇది?"

"అదీ అంతే బాబూ."

"ఈ మూడు రోజులేనా?" అన్నారు.

దీనికి మాత్రం నేను సిద్ధంగా లేను. నోరు తెరిచాను. మూడే అందామనుకున్నాను. మోకాళ్ళు నొప్పెట్టి గట్టు మీంచే గొట్టం చూసిన రోజులు ఉన్నాయి. కళ్ళజోడు మరిచిపోయి అంకె ఊహించుకున్న రోజులు ఉన్నాయి. సాయంత్రం వెళ్ళకుండా పొద్దుటి అంకెకి అర కలిపిన రోజులు ఉన్నాయి. ఎన్నో నాకు తెలియదు. గళ్ళన్నీ నిండి ఉన్నాయి. అన్నీ ఒకే చేతి రాత. ఏది చూసి రాసిందో ఏది చూడకుండా రాసిందో రాసినవాడికే తెలియకపోతే ఇంక ఎవరికి తెలుస్తుంది?

"పెద్దాయనా, అడిగేది మిమ్మల్నే."

"తెల్దు బాబూ," అన్నాను.

ఆయన పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నారు. "అయితే తొంభై రోజులూ..." అని ఆగిపోయారు. ఆ మాట ఆయన పూర్తి చెయ్యలేదు, మేమెవరమూ చెయ్యలేదు.

అనూరాధ వైపు తిరిగారు. "నీకు ఈ సంగతి ముందే తెలుసా?"

"తెలుసు సార్."

"నేను వాణ్ణి తరగతి మొత్తం ముందు నిలబెట్టాను," అన్నారు సారు. అది అనూరాధతో అన్న మాటలా లేదు. "డబ్బా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళ బకెట్ తెప్పించండి సార్, ఇప్పుడే ముంచి చూపిస్తాను అన్నాడు. నేను తెప్పించలేదు."

ధనలక్ష్మి కొంగుతో కళ్ళు తుడుచుకుని, "బోంచేద్దురుగాని రండి బాబూ," అంది. అంతకంటే ఏమనాలో దానికి తెలియలేదు.

"వద్దమ్మా. బండికి టైమైంది."

విజయనగరం వెళ్ళే బండికి ఇంకా రెండు గంటలుంది. అది మాకు తెలుసు. మాకు తెలుసని ఆయనకీ తెలుసు. చెప్పులు వేసుకుని వసారాలో నిలబడి, "ఆ ప్రొఫెసరుకి నేనే రాస్తాను. ఉన్నదున్నట్టు," అన్నారు. "జనవరిలో మడులు ఎండాక చూద్దాం. ఈసారి గొట్టం నువ్వే ముంచాలి అనూరాధా. గోపీకి ఏం చెప్పాలో మాత్రం నాకు తెలియడం లేదు. ముందు నువ్వు మాట్లాడు. నా మాట వాడు వినడు." వానలోకి దిగి నడిచే వెళ్ళిపోయారు. ఆటో పిలుస్తానన్నా ఆగలేదు.

"ఉద్యోగం?" అంది ధనలక్ష్మి, ఆయన మలుపు తిరిగాక.

"పోయినట్టే," అంది అనూరాధ.

"పోతే పోనీ," అంది పార్వతి. ఆ పూట ఆవిడ నోరు విప్పింది అప్పుడే. అని నా వైపు తిరిగి, "ఇదిగో, నాను కూడా శ్రీకూర్మంలోనే ఉన్నాను కదా. మే నెల నుంచి ఈ గుంట మొహం సూస్తానే ఉన్నాను. అడగలేదు. అడిగితే ఏటి సెప్తాదో అని," అంది. కంచంలో అన్నం కలిపి తెచ్చి మనవరాలి ముందు పెట్టింది. అనూరాధ నాలుగు ముద్దలు తింది. అయిదోది చేత్తో పట్టుకుని ఆపేసింది.

చెయ్యి కడుక్కుని ఫోను తీసింది. గోపి ఎత్తడేమో అనుకున్నాం. మూడో మోతకే ఎత్తాడు. స్పీకరు పెట్టింది, మేమందరం వినాలనో, ఒక్కతే వినలేకో.

"చెప్పక్కా." వెనకాల ఏదో యంత్రం గరగరలాడుతోంది. ఎవరో ఆడవాళ్ళు ముక్కలు వేరు, బద్దలు వేరు అని అరుస్తున్నారు.

"గోపీ, ఎలగున్నావురా?"

"ఉన్నానక్కా. పప్పు ఏరిస్తన్నాను. ఏటి విషయం?"

"నీ డబ్బా సరిగ్గానే పనిచేసింది. ఆ మూడు రోజులూ వాన పడింది. తాత మడికి ఎల్లలేదు. పుస్తకంలోది తప్పు. సారుకి తెలిసింది. ఆయనే రాస్తానన్నారు."

యంత్రం గరగర ఒకటే. ఫోను కట్టయిందేమో అని అది తెర చూసింది. కట్టవలేదు.

"నాకు తెలుసక్కా," అన్నాడు గోపి. వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "ఇంటికొచ్చి ఇరవైసార్లు ముంచినాను బకెట్లో. ఒక్క చుక్క దూరలేదు. నాన్న కూడా నమ్మలేదు. సారే తప్పన్నారంటే తప్పే అయ్యుంటాదిరా అన్నాడు."

"ఒచ్చేయ్‌రా. మళ్ళీ..."

"ఒకటడుగుతాను, సెప్పక్కా. సారుకి ఇవేళ తెలిసింది. బాగుంది. నీకెప్పుడు తెలిసింది?"

ధనలక్ష్మి తల దించుకుంది. పార్వతి కంచం తీయబోయి తీయకుండా ఆగింది. అనూరాధ ఫోను వైపే చూస్తోంది. అవతల వాడు ఎదురుచూస్తున్నాడు.

ఇక్కడ నేను ఒకటి ఒప్పుకోవాలి. ఇందాక సారు ముందు కలం కింద పెట్టి, లేచి నిలబడి, నిజం చెప్పేశానని రాశాను. అది నేను కల్పించింది. మిగతావన్నీ జరిగినవే, అదొక్కటే జరగలేదు. నేను సంతకం పెట్టేశాను. టి. తిరుమలరావు అని, కింద గీత కూడా గీసి, చాలా అందంగా. సారు కాగితం అందుకోబోతుంటే అనూరాధ కిటికీ దగ్గర్నుంచి వచ్చి ఆ సంతకం మీద ఎడమ అరచెయ్యి పెట్టింది. "సార్, తాత ఆ మూడు రోజులూ నాతో ఉన్నాడు," అంది. ఆ తరవాత నేను చెప్పానన్న ప్రతి ముక్కా చెప్పింది అదే. నేను కుర్చీలోంచి కదల్లేదు. మూడు రోజులేనా అన్నప్పుడు తెల్దు బాబూ అన్నది మాత్రం నేనే.

సారుకి చెప్పేటప్పుడు దాని గొంతు వణకలేదు. ఇప్పుడు గోపి రెండోసారి, "అక్కా, ఉన్నావా?" అంటున్నాడు, దాని ఎడమ అరచేతికి అంటిన నా సంతకం సిరా తడికి కరిగి ఫోను మీద మరకవుతోంది, పెదవులు మాత్రం విడిపడడం లేదు.